కొలతల కంప్యూటరు

"ఇస్త్రీ డబ్బ పెట్టింది నేనే, ఒప్పుకుంటున్న. మరి టీవీ ఎవరు పెట్టిన్రు? రెండు ఫ్యాన్లు ఎవరు ఏసిన్రు? అందరిది కలిస్తేనే గదా ఇన్వర్టర్ ఆగింది. నన్నొక్కన్నే పట్టుకొని ఊపుతవేంది వదినా?" అన్నాడు కుమార్, ధర్నాకు తొడుక్కున్న తెల్లచొక్కాకు గుండీలు పెట్టుకుంటూ.

"ఇన్వర్టర్ మీద ఇస్త్రీ డబ్బ పెట్టద్దని గోడకు కాయితం అంటించిన. దుబాయి పోయచ్చినోనివి, గది సదువరాదా?" అంది నీల.

"టీవీ జోలికి మాత్రం రాకుర్రి," కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు నీల భర్త ప్రేమ్‌సాగర్. "తెలంగాణ అస్తదా రాదా అని దేశమంత చూస్తుంటే ఈమెకు జాకెట్ల రంది."

వంటింటి గడపలో బియ్యం ఏరుతున్న అత్త సత్యవ్వ చాట పక్కన పెట్టి అందుకుంది. "కరెంటు లేనప్పుడు గా డబ్బ ఎందుకు ముట్టుకోవాలె? బతుకంత బీడీలు చేసిన. బీడీ ఎన్నడన్న కరెంటు అడిగిందా?"

ఈ తగాదా నిన్న మధ్యాహ్నం మొదలైంది. రాత్రి అన్నాల దగ్గర కాస్త సద్దుమణిగి, పొద్దున చాయ్‌తో పాటు మళ్లీ మరిగింది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సింగరేణిలో బొగ్గు ఆగింది, కోరుట్లలో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పే దిక్కు లేదు. నిన్న కరెంటు పోయినప్పుడు నీల ముందు గదిలో ఇన్వర్టర్ మీద కంప్యూటరు నడుపుతూ జాకెట్ కుట్టించుకోవడానికి కొత్తగా వచ్చిన ఒకామె కొలతలు ఎక్కిస్తోంది. లోపల టీవీ మోగుతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ పైన కుమార్ ఇస్త్రీ పెట్టె పెట్టాడు. ఇన్వర్టర్ ఒక్కసారి కీచుమని అరిచి నోరు మూసుకుంది. స్క్రీను నల్లబడింది. ఇట్లా ఎన్నిసార్లు కాలేదు, కరెంటు వస్తే అదే వస్తుందిలే అనుకుంది. కరెంటు వచ్చింది, కంప్యూటరూ లేచింది. కొలతల ఫైలు మీద నొక్కితే మాత్రం చిన్న డబ్బా ఒకటి ఎదురొచ్చి, ఇది నేను గుర్తుపట్టే డేటాబేసు కాదు అంది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట. ఏళ్ల తరబడి మన చేతి అన్నం తిన్న మనిషి ఎదురుగా నిలబడి నువ్వెవరో నాకు తెలియదన్నట్టు.

రెండో కాపీ ఒకటి ఉండేది. పెన్‌డ్రైవ్‌లో దాచుకుంది. పోయిన నెల కుమార్ దాన్ని తీసుకుపోయి దాని నిండా పాటలు నింపుకున్నాడు.

"ఏమో ఉండె వదినా అండ్ల, ఒక్కటే ఫైలు. అక్కరకు రానిదనుకొని తీసేసిన," అన్నాడు అప్పుడు. నీల, ఇంట్లో అసలుది ఉంది కదా అనుకుంది.

ఆ ఒక్క ఫైల్లో ఏముందో ఈ ఇంట్లో నీలకు తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అడగలేదు కూడా. జగిత్యాలలో బీయస్సీ కంప్యూటర్స్ చదివినప్పుడు డేటాబేసు పాఠం వింటూ, ఇదేదో సర్దిపెట్టుకునే ఆడవాళ్ల కోసమే పుట్టినట్టుందే అనుకుని మురిసిపోయిన పిల్ల నీల. పెళ్లయి కోరుట్ల వచ్చాక ఆ చదువు ట్రంకు పెట్టెలోకి పోయింది. కుట్టుమిషను బయటికి వచ్చింది. ప్రేమ్‌సాగర్‌కు జగిత్యాలలో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చాక, వాళ్ల వంశంలో మొదటి సర్కారు కొలువు అది, ఆఫీసు దోస్తులను ఇంటికి తీసుకొచ్చినప్పుడల్లా ఒకటే జోకు వేసేవాడు. "మా ఆమె కంప్యూటర్ డిగ్రీ చేసింది. అందుకే జాకెట్ల గుండీలు బరాబర్ కుడుతది." దోస్తులు నవ్వేవాళ్లు. నీల చాయ్ గ్లాసులు పట్టుకుని తనూ నవ్వేది. నవ్వకపోతే, జోకు తెలియదా నీకు అని ఇంకో జోకు వస్తుంది కాబట్టి.

తర్వాత ఒక దసరా గిరాకీ మీద పాత కంప్యూటరు కొన్నది. ఇంకో దసరా గిరాకీ మీద ఇన్వర్టరు. అందరు దర్జీల దగ్గర ఒకటే పద్ధతి. పాత జాకెట్ ఒకటి తెచ్చి పడేస్తారు, దాన్ని చూసి కొత్తది కుట్టాలి. ఆ పాతది ఎప్పటిదో. అది కుట్టినప్పుడు ఆ మనిషి వేరు, ఇప్పటి మనిషి వేరు. ఒక కాన్పు అయి ఉంటుంది, ఒక ఆపరేషన్ అయి ఉంటుంది. అయినా పాతదాని లెక్కన కుట్టించుకుని, చంక కింద బిగుసుకుపోతుంటే చెయ్యి పైకెత్తకుండానే బతుకుతారు. నీల ఆ పద్ధతి మానేసింది. వచ్చిన ప్రతి మనిషినీ ముందు గదిలో తలుపు దగ్గరేసి నిలబెట్టి, టేపు పెట్టి కొలిచి, కంప్యూటర్లో ఎక్కించింది. ముందు పేరు అడిగేది.

"పేరెందుకు బిడ్డా, యాదగిరి భార్యనని రాస్కో," అనేవాళ్లు.

"జాకెట్ యాదగిరి ఏస్కుంటడా?" అనేది నీల. వాళ్లు పకపకా నవ్వి, ఎన్నాళ్లకో తమ పేరు తామే నోటితో పలికి, సిగ్గుపడేవాళ్లు.

పేరు, ఊరు, ఆ తర్వాత కొలతలు. కొలతలన్నీ ఒకే వరుసలో, టేపు పట్టుకున్న దర్జీ పైకి చదివినట్టే రాసేది. పొడవు, భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, మెడ. ముప్పావులు, అంగుళంలో ఎనిమిదో వంతు ఉండే సూత్ ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. వరుస చివర ఒక చిన్న మాట. ‘ఎడమ భుజం జారుడు.’ ‘వీపు వంపు, వెనక పొడవు పెంచాలె.’ బీడీలు చుట్టే వాళ్లందరికీ ఆ వీపు వంపు మాట ఉండేది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చుంటే వీపు ఎదుగుతుంది, ముందు భాగం కుంగుతుంది. పాత జాకెట్ చూసి కుట్టే దర్జీకి అది కనబడదు.

ఇప్పుడా ఫైలు తెరుచుకోవడం లేదు.

కుమార్ చెప్పులేసుకుంటూ తేలిగ్గా తేల్చేశాడు. "పరేషాన్ కాకు వదినా. రేపు పొద్దుగాల మా దోస్తు అఫ్సర్ అస్తడు. ఫార్మాట్ కొట్టి కొత్తదాని లెక్క చేస్తడు. దసరా అయినంక షాపుల మెమొరీ కార్డులకు పాటలు ఎక్కించనీకి సుత పనికస్తది."

"ఏ షాపుల?"

కుమార్ అన్నవైపు చూశాడు. ప్రేమ్‌సాగర్ టీవీవైపు చూశాడు. జవాబు సత్యవ్వ చెప్పింది. "ముందటర్రల, గదే నువ్వు కుట్టే గదిల, వీడు మొబైల్ షాపు పెడ్తడట. నీకు వెనక రేకుల కింద జాగున్నది గద బిడ్డా. మిషిని గాడ ఏసుకుంటే గాలికి గాలి."

"నాకెప్పుడు చెప్పేటోళ్లు?"

"గిప్పుడు చెప్తున్నం గదా," అన్నాడు ప్రేమ్‌సాగర్. "వానికి బతుకుదెరువు గావాలె. నీదేంది, ఏడ కూసున్నా కుట్టుడే. జర చాయ్ పెట్టు, మా ఆఫీసోళ్లు అస్తున్నరు."

నీల చాయ్ పెట్టింది. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడింది. సకల జనుల సమ్మె. ఆఫీసులు బందు, బళ్లు బందు, బస్సులు బందు, బొగ్గు బందు. ఈ పొయ్యి ఒక్కటే రోజుకు పదిమార్లు వెలుగుతోంది. సమ్మెలో ఉన్నవాళ్లందరికీ చాయ్ కావాలి మరి.

*

పదకొండు కాకముందే రాజమణి వచ్చింది. అంగన్‌వాడీ టీచరు, ఊళ్లో మహిళా జేఏసీ పని అంతా ఆమె భుజం మీదే. గొంతు బొంగురుపోయి ఉంది, కళ్లు మాత్రం మెరిసిపోతున్నాయి.

"చెల్లే, గుడ్డ దిగిందా సిరిసిల్ల నుంచి?"

దిగింది. సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు నడిపించే దేవదాస్, నీలకు వరసకు చిన్నాన్న, ట్రాక్టరు మీద ఎవరితోనో తాన్లు పంపించాడు. తంగేడు పూల రంగు నూలుగుడ్డ. ముందు గదిలో ఒక మూల పేర్చి ఉంటే, గదికి దీపం పెట్టినట్టుంది. సద్దుల బతుకమ్మ నాడు కోరుట్ల పెద్దరోడ్డు మీద నూరుమందికి పైగా ఆడవాళ్లు ఆ రంగు జాకెట్లు తొడుక్కుని, రోడ్డుకు అడ్డంగా బతుకమ్మ ఆడాలని రాజమణి తలపు. పైడిమడుగు, ఐలాపూర్, మోహన్‌రావుపేట, చుట్టుపక్కల ఊళ్ల నుంచి నడిచి వస్తామన్నారు. అందరూ బీడీలు చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. కొలతలకు ఎవరూ రానక్కర్లేదని రాజమణి ధీమాగా చెప్పేసింది. నీల కంప్యూటర్లో అందరివీ ఉన్నాయి కదా.

"అక్కా, ఫైలు ఖరాబైంది," అంది నీల.

రాజమణి తాన్ల మీది నుంచి చెయ్యి తీసింది. "మొత్తమా?"

"మొత్తం."

"బస్సుల్లేవు. మల్ల అందర్ని ఈడికి ఎట్ల తెప్పియ్యాలె? ఒక్కొక్కరిని కొలుసుడు అయ్యేసరికే పండుగ పోతది." రాజమణి స్టూలు మీద కూలబడి, అంతలోనే తలెత్తింది. "పోనీ. నువ్వు కాదంటే నేను బందు చేస్త. ఎవల చీర వాళ్లు కట్టుకొనే ఆడుతరు. నీ మీద మాట రానియ్య."

ఆ చివరి మాటకు నీల తాను అంచు సర్దుతూ ఆమెవైపు చూసింది. ఈ రెండు రోజుల్లో తన మీద మాట రానీయనన్న మనిషి ఈమె ఒక్కతే.

"రేపు మధ్యాహ్నందాక ఆగు అక్కా. తెరిపిస్త."

"తెరుస్తవా?"

"తెరుస్త."

ఎట్లా తెరుస్తుందో తనకే తెలియదు. రాజమణి పోతూ పోతూ గడపలో ఆగింది. "ముందటి గది మీ మరిదికి ఇస్తున్నరట గదా. ఊరంత తెల్సు. పాత బస్టాండు కాడ బషీరున్నీసా గాజుల దుకాణం ఎత్తేసింది. గది ఖాళీగున్నది. ఊకెనే చెప్తున్న." ఊరంతటికీ ముందే తెలిసిన సంగతి నీలకు ఈ పొద్దున తెలిసింది.

*

ఉజ్మా జగిత్యాలలో కంప్యూటర్ సెంటర్ నడుపుతుంది. డిగ్రీలో నీల పక్క బెంచీ. ఫోన్లో సంగతి వినగానే ముందు తిట్టింది, తర్వాత పనిలోకి దిగింది.

"ఫస్టు గా ఫైలును ముట్టకు. దాన్ని గట్లనే ఉంచు. ఒక కాపీ తీసి వేరే డ్రైవ్‌ల పెట్టు. ఏ పిచ్చిపని చేసినా కాపీ మీదనే చెయ్యి. సమజైందా?"

"అయింది."

"ఆ పెన్‌డ్రైవ్ సుత గుంజుకో మీ మరిది దగ్గరికెంచి. పాటలన్ని తీసేసి దాంట్ల ఇంకో కాపీ పెట్టు."

మరిది ధర్నాకు పోయాడు, అతని ప్యాంటు కొక్కానికి వేలాడుతోంది. నీల జేబులో చెయ్యి పెట్టి పెన్‌డ్రైవ్ తీసుకుంది. పెళ్లయి వచ్చాక ఈ ఇంట్లో అడగకుండా తీసుకున్న మొదటి వస్తువు అదేనేమో. ఒంట్లో సన్నగా ఒక హుషారు పాకింది.

రిపేరు చేసే మీట నొక్కింది, కాదంది. కొత్త ఖాళీ డేటాబేసు తయారుచేసి అందులోకి పాతదాన్ని లాగబోయింది, రానంది. మధ్యలో ప్రేమ్‌సాగర్ ఆఫీసువాళ్లు వచ్చారు, చాయ్. వాళ్లు పోయారు, అన్నం. బిడ్డ సరిత బడి లేక ఇంట్లోనే ఉంది, జడ వెయ్యమంది. ఒక చెవికి ఫోను, రెండు చేతులకు జడ. "ఏమైంది, ఏమన్నది?" అని అటునుంచి ఉజ్మా. "కాదన్నది," అని ఇటునుంచి నీల. మూడు దాటేసరికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద టీవీ మోగింది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా అందరూ లేవకముందు, ఒక పాత పని ముందేసుకుని కూర్చుంది. ఎవరో ఇచ్చిన జాకెట్, చంక దగ్గర కుట్టు పీకి సరిచెయ్యాలి. పైనుంచి చూస్తే దారం ఎక్కడ మొదలైందో దొరకడం లేదు. నీల చేతులు వాటంతట అవే దాన్ని లోపలివైపు తిరగేశాయి. లోపల కుట్టంతా కనబడుతోంది. ఏ దారం ఎక్కడ ముడిపడిందో, మడత ఎంత వదిలారో, అన్నీ.

చేతులు ఆగిపోయాయి.

పైనుంచి తెరుచుకోకపోతే తిరగేసి చూడాలి. ఈ ఫైలుకు ఉన్న తలుపు పాడైంది, సరే. తలుపుతో పనిలేకుండా దాని లోపలిభాగం చూడలేనా? జాకెట్ ఒళ్లోనుంచి జారిపోయింది. ఉజ్మాకు ఫోన్ చేసింది.

"నిద్రల ఉన్నవా?"

"ఉన్నట్టే ఉన్న. ఏంది యార్?"

"గా డేటాబేసు ప్రోగ్రాంతోని కాకుంట, ఉత్త నోట్‌ప్యాడ్‌ల తెరిస్తే ఏమైతది?"

"చెత్త కనిపిస్తది. డబ్బలు, చుక్కలు, అడ్డగీతలు. మాటలుంటే మాటలు కనిపిస్తయి. నంబర్లు కనిపియ్యయి నీలా. నంబర్ల గడిల పెట్టినవి దాని లోపలి భాషల ఉంటయి. నీకు కావాల్సింది నంబర్లే గదా పాపం."

"నేను నంబర్ల గడిల పెట్టలే."

"మరి?" అంది ఉజ్మా.

"యాదికున్నదా? మొదట్ల నీకు చూపిస్తే తిట్టినవు. అంకెలను అంకెల లెక్క పెట్టాలె, ఉత్తరం రాసినట్టు అన్ని ఒక్క వరుసల రాస్తరా అని. ముప్పావు, సూత్ తక్కువ, సూత్ ఎక్కువ, గవి అండ్ల పట్టకపోతుండె. అందుకని మొత్తం మాటల లెక్కనే రాసిన."

"యా అల్లా," అంది ఉజ్మా. తర్వాత పెద్దగా నవ్వు. "పాగల్! నువ్వు తప్పు చేసి బతికినవే. తెరువు, తెరువు! ఫోన్ పెట్టకు, నేను లైన్లనే ఉన్న!"

కరెంటు ఉంది. నీల కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. కంప్యూటరు చాలాసేపు ఆలోచించింది. తర్వాత స్క్రీను నిండా పురుగులు చిమ్మినట్టు ఏవేవో గుర్తులు. కిందికి జరిపింది. ఇంకా గుర్తులే. ఇంకా కిందికి. ఇంకా కిందికి.

గంగవ్వ. పైడిమడుగు.

ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు నల్లడబ్బాల మధ్య, మబ్బులో నుంచి ముఖం బయటపెట్టినట్టు. దాని పక్కనే పొడవు, భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, మెడ, ముప్పావులతో సహా. చివర ‘వీపు వంపు’.

"అచ్చింది!" అని అరిచింది నీల. ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. లోపల ఎవరో ఉలిక్కిపడి లేచారు. ఫోన్లో ఉజ్మా కూడా అరిచింది, ఏం అరిచిందో ఇద్దరికీ తెలియదు.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు రావడం మొదలుపెట్టారు. లచ్చవ్వ, ఐలాపూర్. రాజమణి, కోరుట్ల. అంజవ్వ. బషీరున్నీసా. చెత్తలోనుంచి పేరును, పేరు పక్కన వరుసను పట్టి పైకి లాగి, కొత్త ఫైల్లోకి దింపుతోంది నీల. వేళ్లు ఉరుకుతున్నాయి. ఒక్కొక్క పేరూ వస్తుంటే ఆ మనిషి వచ్చి టేపు ముందు చేతులు చాపి నిలబడ్డట్టే ఉంది. కొందరి పేర్లు రెండుసార్లు, మూడుసార్లు వచ్చాయి. మార్చినప్పుడల్లా పాత వరుస ఎక్కడో అక్కడ మిగిలిపోయినట్టుంది. అంజవ్వ ఒక వరుసలో నిండుగా ఉంది, ఇంకో వరుసలో నడుము దగ్గర పెరిగింది, మూడో వరుసలో అన్నిచోట్లా తగ్గిపోయింది. అది బిడ్డ పుట్టి దక్కని ఏడాది. ఆ రోజు టేపు చుట్టూ వదులుగా తిరిగితే అంజవ్వ తల తిప్పుకున్నది, నీల ఆ కొలత రాసుకుంది. ఏ డాక్టరు చీటీలోనూ ఉండని సంగతి ఈ చెత్తలో పదిలంగా ఉంది. ఆడదాని ఒంటిమీద బతుకు ఎట్లా పోతుందో రాసిపెట్టుకున్న వాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరున్నారు? నేను. నేనే రాసిపెట్టిన. ఒట్టి జాకెట్లు కుట్టేదాన్ని కాదు నేను. ఈ మాట లోపల ఎంత గట్టిగా పలికిందంటే, పైకి అన్నానేమోనని చుట్టూ చూసుకుంది.

గడపలో సత్యవ్వ నిలబడి ఉంది. "ఏందే గా అరుపు? నేను ఏమో అయ్యిందనుకున్న."

"ఈడికి రా అత్తా. గిది చూడు."

"నాకు సదువత్తదా?"

"నేను సదువుత. సత్యవ్వ, కోరుట్ల. గిది నువ్వే."

సత్యవ్వ దగ్గరగా వచ్చి, బీడీఆకు కత్తిరించి కత్తిరించి మొద్దుబారిన వేలితో అద్దం మీద ఆ పేరును తాకింది. "ప్రేమ్‌సాగర్ అవ్వ అని రాయలే?"

"లే. నీ పేరే రాసిన."

సత్యవ్వ లోపలికి పోయి, ఎవరూ అడగకుండానే, రెండు చాయ్‌లు పట్టుకొచ్చింది. ఒకటి కోడలి పక్కన పెట్టింది.

ఇంకా కిందికి జరుపుతుంటే, ఎక్కడో మూలన ఒక వరుస ఉంది. నీల ముందు పట్టించుకోకుండా దాటేసి, మళ్లీ పైకి వచ్చింది.

నీల. సిరిసిల్ల. పొడవు, భుజం, ఛాతీ, నడుము.

తనే. కంప్యూటరు కొన్న మొదటి రోజు, అది పనిచేస్తుందో లేదో చూడటానికి ముందు తనను తానే కొలుచుకుని ఎక్కించింది. కోరుట్ల అని రాయాలని కూడా తోచలేదు, తను పుట్టిన ఊరే రాసింది. ఆ సాయంత్రం ప్రేమ్‌సాగర్ చూసి ముఖం చిట్లించాడు. "నీ కొలతలు అండ్ల ఎందుకే? ఎవడన్న చూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? తీసెయ్." వెంటనే తీసేసింది. ఆ వరుస మీద నిలబడి చెరిపే మీట నొక్కడం ఇప్పటికీ గుర్తుంది.

"ఉజ్మా, నేను ఎప్పుడో తీసేసినది సుత కనిపిస్తున్నది. ఎట్ల?"

"తీసేస్తే పోదు యార్. ఈ జాగ ఖాళీ, కావాలంటే వాడుకో అని గుర్తు పెడ్తది, గంతే. ఉన్నది ఉన్నట్టే ఉంటది. దాని మీద ఇంకొకటి రాసిన్రా, గప్పుడు పోతది. పెన్‌డ్రైవ్‌ల నీ ఫైలు గట్లనే పోయింది. పాటలు రాసిండు గదా మీదికెళ్లి."

నీల ఆ వరుస దగ్గర ఆగిపోయింది. ఈ జాగ ఖాళీ, కావాలంటే వాడుకో. ముందు గది కూడా అంతే. ఎవరో ఖాళీ అని గుర్తు పెట్టారు. రేపోమాపో మీద రాస్తారు. ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు కాబట్టి తను ఇంకా ఉంది. సిరిసిల్ల నీల, ఉన్నది ఉన్నట్టే.

తన వరుసను కూడా పట్టి కొత్త ఫైల్లోకి దింపింది.

పది కావస్తుండగా అఫ్సర్ చేతిలో సీడీతో వచ్చాడు. వెనక కుమార్. "ఏది వదినా, జర జరుగు, ఐదు నిమిషాల్ల ఫార్మాట్ కొడ్తడు."

"కొట్టద్దు. పని నడుస్తున్నది," అంది నీల, తల తిప్పకుండా.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టర్ టిక్కుమని అందుకుంది. కంప్యూటరు ఆగలేదు. లోపల టీవీ కూడా ఆగలేదు, ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నాయి. ఇన్వర్టర్ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. నిన్న మొన్నటి మూలుగే అది, దాని తర్వాత ఏమవుతుందో నీలకు తెలుసు. లేచి లోపలికి వెళ్లింది. టీవీ వైరు పట్టి లాగింది. ఫ్యాన్ల మీటలు రెండూ నొక్కింది.

"ఏందే! వార్తలస్తున్నయ్!" కుర్చీలోంచి లేచాడు ప్రేమ్‌సాగర్.

"వార్తలల్ల మేమే అస్తం. జర ఓపిక పట్టు."

ఆ మాట అనేసి తనే ఆశ్చర్యపోయింది. నవ్వొచ్చింది కూడా. అఫ్సర్ గుమ్మంలో సీడీ పట్టుకుని ఒకసారి కుమార్‌నూ, ఒకసారి ఈమెనూ చూశాడు. "మళ్ల అస్త భాయ్," అని మెల్లగా చెప్పులేసుకున్నాడు.

మధ్యాహ్నం రాజమణి వచ్చేసరికి నీల నేలమీద పసుపుపచ్చ గుడ్డ పరిచి, కత్తెరతో సాగిపోతోంది. ముందు కోసినది గంగవ్వది. వెనక పొడవు పెంచి.

*

సద్దుల బతుకమ్మ నాడు పెద్దరోడ్డు మీద లారీలు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. బతుకమ్మల చుట్టూ తంగేడు రంగు చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి, చప్పట్లు ఒకటైపోయాయి. గంగవ్వ నీల దగ్గరికి వచ్చినప్పుడల్లా రెండు చేతులూ తలమీదిదాకా ఎత్తి చూపించి, "చూడు బిడ్డా, ఏడ పట్టలే!" అని అరిచి మళ్లీ వలయంలోకి పోతోంది. నీల కూడా ఆడింది. ఆమె ఒంటిమీద కూడా అదే జాకెట్. చాన్నాళ్ల తర్వాత తన కొలతకు తను కుట్టుకున్నది.

పొద్దుగూకినాక ఇంటికి వచ్చి, రొట్టె, బెల్లం కలిపి సత్యవ్వ చేసిన మలీద అందరికీ పెట్టింది. ప్రేమ్‌సాగర్ మంచి హుషారులో ఉన్నాడు. "టీవీల చూపెట్టిన్రు! మా నీలది సుత ముఖం కనవడ్డది, మా ఆఫీసోళ్లందరికి ఫోన్ చేసి చెప్పిన." కుమార్ మలీద ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "దసరా తెల్లారి నుంచి ర్యాకులు కొట్టిస్త వదినా ముందటర్రల. నీ మిషిని జరుపుడు ఎప్పుడు పెట్టుకుందాం?" అని అడిగాడు.

"నువ్వు జరుపుడు అక్కరలేదు," అంది నీల, సరిత పళ్లెంలో ఇంకో ముద్ద పెడుతూ. గొంతు పెంచలేదు. "దసరా తెల్లారి నేనే తీసుకపోతున్న. బషీరున్నీసా గది మాట్లాడుకున్న, పాత బస్టాండు కాడ. మిషిని, కంప్యూటరు గాడికే పోతున్నయి. పొద్దుగాల పోయి సాయంత్రం అస్త."

ప్రేమ్‌సాగర్ చేతిలో ముద్ద అట్లాగే ఉంది. సత్యవ్వ తల వంచుకుని తింటోంది, ఆమె పెదవి చివర ఏదో కదిలింది.

"ఇన్వర్టర్ సుత తీసుకపోతున్న. నేను కొన్నదే గదా," అంది నీల, గిన్నె మీద మూత పెడుతూ. "చాయ్‌పత్తి డబ్బ పొయ్యి పక్కపొంటి ఉన్నది. చక్కెర దాని ఎన్కనే."